అటోన్‌మెంట్: ఈ ఇంగ్లిష్ మాటకు అర్థం, వాడుక (తరచుగా అడిగే ప్రశ్నలు)

చాలా ఏళ్లుగా ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. పని మధ్యలో నన్ను ఎక్కువసార్లు ఆపేసిన మాటల్లో అటోన్‌మెంట్ ఒకటి. నిఘంటువు తీస్తే 'ప్రాయశ్చిత్తం' అని ఒక్క మాటతో తేల్చేస్తుంది. వాక్యంలో పెట్టి చూస్తే చాలా చోట్ల ఇమడదు. విద్యార్థులు, బైబిల్ చదివేవాళ్లు, కొత్తగా అనువాదంలోకి వచ్చినవాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చాను.

సూటిగా చెప్పండి, అటోన్‌మెంట్ అంటే ఏమిటి?

తప్పు చేసినవాడు ఆ తప్పుకు బదులుగా ఏదో ఒకటి చేసి, దానివల్ల తెగిపోయిన బంధాన్ని మళ్లీ కలుపుకోవడం. ముందు ఒక తప్పు జరిగి ఉండాలి. దానివల్ల ఎవరితోనో ఎడం వచ్చి ఉండాలి. ఆ ఎడం పూడ్చడానికి తప్పు చేసినవాడే పూనుకుని ఒక పని చేయాలి. లోలోపల ఎంత కుమిలిపోయినా దాన్ని అటోన్‌మెంట్ అనరు. చేతల్లోకి వచ్చినప్పుడే ఆ మాట వర్తిస్తుంది.

ఎలా పలకాలి?

అ-టోన్-మంట్. ఊత 'టో' మీద పడుతుంది. మొదటి 'అ' చాలా పొట్టిగా, చివరి భాగం తేలిగ్గా పలకాలి. తెలుగులో రాసేటప్పుడు 'అటోన్‌మెంట్' అని రాస్తే సరిపోతుంది. క్రియ 'అటోన్'. అది 'ఫోన్', 'స్టోన్' మాటలతో ప్రాస కలుస్తుంది. స్వరం అనే అర్థంలో వాడే 'టోన్'కీ దీనికీ చుట్టరికం లేదు.

'ఎట్ వన్' నుంచి పుట్టిందంటారు. నిజమేనా, ఎవరో అల్లిన కథా?

నిజమే. మాటల పుట్టుక గురించి చెప్పుకునే అందమైన కథలు చాలావరకు తర్వాత అల్లినవే అయి ఉంటాయి కాబట్టి ఈ అనుమానం రావడం సహజం. ఇది మాత్రం కల్పన కాదు. ఇంగ్లిష్‌లో 1300 ప్రాంతం నాటికే 'ఎట్ వన్' అనే పలుకుబడి ఉంది. గొడవపడినవాళ్లు మళ్లీ ఏకమైతే 'ఎట్ వన్' అయ్యారనేవారు. 14వ శతాబ్దపు ఇంగ్లిష్ అనువాదమైన విక్లిఫ్ బైబిల్లో 'వన్‌మెంట్' అనే నామవాచకం కనిపిస్తుంది. అర్థం ఏకత్వం. 'ఎట్ వన్'కు 'మెంట్' అనే ప్రత్యయం తగిలి 16వ శతాబ్దం మొదట్లో 'అటోన్‌మెంట్' అయింది. ఇంగ్లండ్ రచయిత థామస్ మోర్ రాతల్లో ముందుగా కనిపిస్తుంది. విలియం టిండేల్ 1526లో అచ్చువేసిన కొత్త నిబంధన అనువాదంతో బాగా పాకింది. ఈ మాటను టిండేలే పుట్టించాడని చాలామంది రాస్తుంటారు. పుట్టించింది ఆయన కాదు గానీ దానికి మతంలో స్థానం కల్పించిన ఘనత చాలావరకు ఆయనదే.

క్రియ దీని తర్వాతే వచ్చింది. మామూలుగా క్రియ నుంచి నామవాచకం పుడుతుంది. ఇక్కడ 'అటోన్‌మెంట్' పుట్టాక, అందులోంచి 'అటోన్'ను విడదీసి క్రియగా వాడుకున్నారు.

ఇంగ్లిష్‌లో మతానికి సంబంధించిన పెద్ద మాటలు ఎక్కువగా లాటిన్, గ్రీకుల నుంచి వచ్చాయి. ఇది మాత్రం, తోక లాటిన్‌దే అయినా, జనం రోజూ ఆడుకునే రెండు చిన్న మాటల్లోంచి పుట్టింది. మనమూ అచ్చం అలాగే అంటామని గమనించారా? ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కలిసిపోతే "వాళ్లిద్దరూ మళ్లీ ఒకటయ్యారు" అంటాం. 'ఎట్ వన్' అంటే అక్షరాలా అదే. ఈ పోలిక తట్టాకే నాకు ఆ మాట లోపలి అర్థం పట్టుబడింది.

మరి 'వన్' అని పలుకుతున్నప్పుడు ఇందులో 'ఓన్' ఎందుకు వినిపిస్తుంది?

ఒకప్పుడు ఆ అంకెనే 'ఓన్' అన్నట్టు పలికేవారు. ముందు 'వ' చేరిన పలుకుబడి తర్వాతి శతాబ్దాల్లో స్థిరపడింది. పాత పలుకుబడి కొన్ని మాటల్లో భద్రంగా మిగిలిపోయింది. 'ఆల్ వన్' కలిసి 'అలోన్' అయింది. 'ఓన్లీ'లో ఉన్నదీ ఆ 'వన్' అనే అంకే. ఒంటరితనాన్ని చెప్పే 'అలోన్', కలయికను చెప్పే 'అటోన్' ఒకే అంకె నుంచి పుట్టిన తోబుట్టువులు.

మొదటి నుంచీ 'తప్పుకు ప్రాయశ్చిత్తం' అనే అర్థమే ఉందా?

లేదు. మొదట్లో ప్రధానంగా రాజీ, సయోధ్య అనే అర్థం. షేక్‌స్పియర్ ఒథెల్లో నాటకంలో డెస్డిమోనా, తన భర్తకూ కాసియోకూ మధ్య వచ్చిన విభేదం గురించి మాట్లాడుతూ, వాళ్లను 'అటోన్' చేయడానికి ఎంతైనా చేస్తానంటుంది. అంటే వాళ్లిద్దరినీ కలపడానికి. అక్కడ తప్పును కడుక్కోవడం అనే అర్థం పెడితే వాక్యం చెడిపోతుంది. ఆ క్రియ అప్పట్లో మనుషుల్ని కర్మగా తీసుకునేది. ఇప్పుడు ఆ వాడుక పోయింది.

కాలక్రమంలో మాట బరువు ఫలితం నుంచి మార్గం మీదికి జరిగింది. కలిసిపోవడం అనే ఫలితాన్ని చెప్పిన మాట, కలవడానికి చేయాల్సిన పనిని చెప్పే మాటగా మారింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ కొత్త నిబంధనలో 'అటోన్‌మెంట్' ఒకే ఒక్కచోట, రోమీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం 11వ వచనంలో కనిపిస్తుంది. మూలంలోని గ్రీకు మాట 'కతల్లగే', అంటే సయోధ్య. 1881లో వచ్చిన సవరణ అనువాదం ఆ ఒక్కచోట కూడా తీసేసి 'రికన్సిలియేషన్' అని పెట్టింది. అప్పటికి పాత అర్థం జనం మనసులోంచి జారిపోయింది మరి.

మన తెలుగు బైబిల్ అదే వచనంలో 'సమాధానస్థితి పొందియున్నాము' అంటుంది. ప్రాయశ్చిత్తం అనలేదు. ఆ అనువాదకులు మూలంలోని అర్థాన్నే పట్టుకున్నారు. చదివినప్పుడల్లా వాళ్ల మీద గౌరవం కలుగుతుంది.

అయితే పాత నిబంధనలో 'ప్రాయశ్చిత్తము' అని కదా ఉంది?

ఉంది, అక్కడ అదే సరైన మాట. లేవీయకాండంలో ఆ మాట పదేపదే వస్తుంది. దాని వెనుక ఉన్నది హీబ్రూ ధాతువు క-ప-ర. అసలు అర్థం కప్పడమా, తుడిచేయడమా, విడుదలకు మూల్యం చెల్లించడమా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నోవహు ఓడకు లోపలా వెలుపలా కీలు, అంటే తారు లాంటిది, పూయమని దేవుడు చెప్పిన చోట కూడా ఈ అక్షరాలతోనే క్రియ ఉంటుంది. నీళ్లు చొరబడకుండా సందులన్నీ కప్పేయడం. ఆ దృశ్యాన్ని మనసులో పెట్టుకుంటే తర్వాతి అర్థాలు తేలిగ్గా ఎక్కుతాయి. తెలుగు 'కప్పు'తో పోలిక కనిపిస్తోందని సంబరపడకండి. అది కాకతాళీయం.

నిబంధన మందసం మీది బంగారు మూతను కూడా ఈ ధాతువుతోనే 'కప్పోరెత్' అన్నారు. తెలుగు బైబిల్లో అది 'కరుణాపీఠము'.

యోమ్ కిప్పూర్‌కూ దీనికీ సంబంధం ఏమిటి?

ఇంగ్లిష్‌లో 'డే ఆఫ్ అటోన్‌మెంట్' అనేది ఆ రోజునే. తెలుగు బైబిల్ 'ప్రాయశ్చిత్తార్థ దినము' అంటుంది. యూదుల పంచాంగంలో తిష్రీ నెల 10వ రోజు. సుమారు 25 గంటలు అన్నం, నీళ్లు ముట్టరు. యెరూషలేము దేవాలయం ఉన్న రోజుల్లో ప్రధాన యాజకుడు ఏడాదిలో ఆ ఒక్కరోజే అతి పరిశుద్ధ స్థలంలోకి అడుగుపెట్టేవాడు. క్రీ.శ. 70లో రోమన్లు ఆ దేవాలయాన్ని కూల్చేశాక బలుల స్థానంలో ప్రార్థన, ఉపవాసం, పశ్చాత్తాపం నిలిచాయి.

ఈ రోజు గురించి మిష్నా చెప్పిన మాట నాకు చాలా ఇష్టం. మిష్నా అంటే క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మ సంకలనం. మనిషికీ దేవుడికీ మధ్య జరిగిన తప్పులకు యోమ్ కిప్పూర్ ప్రాయశ్చిత్తం అవుతుంది. మనిషికీ మనిషికీ మధ్య జరిగిన తప్పులకు మాత్రం, నొప్పించిన మనిషిని వెళ్లి శాంతపరచే వరకు ఆ రోజు ఏ పనీ చేయదు. పక్కవాడికి చేసిన అన్యాయాన్ని దేవుడితో సర్దుబాటు చేసుకోవడం కుదరదని తేల్చి చెప్పారు. అందుకే ఆ పండుగకు ముందు రోజుల్లో యూదులు తమకు తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లి క్షమించమని అడుగుతారు.

'స్కేప్‌గోట్' కూడా ఇక్కడిదేనా?

అవును. లేవీయకాండం 16వ అధ్యాయంలో రెండు మేకలుంటాయి. చీట్లు వేసి ఒకదాన్ని బలి ఇస్తారు, రెండోదాని తల మీద జనం పాపాలన్నీ మోపి అడవిలోకి తోలేస్తారు. ఆ రెండో మేకకు టిండేల్ 1530లో పెట్టిన పేరే స్కేప్‌గోట్. ఇప్పుడు మనం 'బలిపశువు' అంటున్నాం గానీ, ఆ కథలో బలి అయింది వేరే మేక.

ఇస్లాంలో ఇలాంటి మాట ఉందా?

'కఫ్ఫారా'. అరబ్బీ, హీబ్రూ ఒకే కుటుంబపు భాషలు కాబట్టి ధాతువు కూడా అదే. చేసిన ప్రమాణం తప్పితే పదిమంది పేదలకు అన్నం పెట్టాలని, లేదా బట్టలు ఇవ్వాలని, లేదా ఒక బానిసను విడిపించాలని, ఇవేవీ చేయలేనివారు మూడు రోజులు ఉపవాసం ఉండాలని ఖురాన్ 5వ అధ్యాయం 89వ వాక్యం చెబుతుంది. గుండెలో బాధపడితే చాలు అనలేదు. ఆ తప్పు ఇంకొకరి ఆకలి తీర్చే పనిగా మారాలి.

'ప్రాయశ్చిత్తం' సరైన అనువాదమేనా?

కొన్నిచోట్ల అంతకు మించిన మాట లేదు, కొన్నిచోట్ల పెడితే పొసగదు. ముందు ఆ మాట సంగతి చూద్దాం.

ధర్మశాస్త్రాల్లో ప్రాయశ్చిత్తానిది పెద్ద పీట. యాజ్ఞవల్క్య స్మృతిలో ఆచారం, వ్యవహారం తర్వాత మూడో అధ్యాయం పేరే ప్రాయశ్చిత్తం. మనుస్మృతిలో 11వ అధ్యాయం. 'ప్రాయః' అంటే తపస్సు, 'చిత్తం' అంటే నిశ్చయం అని పాత వ్యాఖ్యాతలు పదాన్ని విడదీశారు. చాంద్రాయణం లాంటి వ్రతాలు ఈ కోవలోవే. చంద్రకళలతో పాటు తినే ముద్దలు ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ పెంచుకుంటూ నెల రోజులు గడపాలి. యజ్ఞంలో ఏదైనా పొరపాటు దొర్లితే దాన్ని సరిదిద్దే క్రియను కూడా ప్రాయశ్చిత్తమనే అంటారు. అక్కడ పాపం మాట లేదు, తంతులో వచ్చిన లోపాన్ని పూడ్చడమే.

మనుస్మృతి చెప్పే మార్గాల్లో మొదటిది 'ఖ్యాపనం', అంటే చేసింది బయటికి చెప్పడం. "చేసిన పాపం చెబితే పోతుంది" అని మనం అనుకునే మాటకు అది దగ్గరి చుట్టం. తర్వాత అనుతాపం, తపస్సు, అధ్యయనం వస్తాయి.

ఇప్పుడు తేడా చూడండి. ప్రాయశ్చిత్తం చూపు చాలావరకు తప్పు చేసినవాడి మీద ఉంటుంది. అతనికి అంటిన మలినం ఎలా పోతుందన్నది ప్రశ్న. అటోన్‌మెంట్ చూపు, కనీసం దాని పుట్టుకలో, ఇద్దరి మధ్య ఏర్పడ్డ ఖాళీ మీద ఉంది. మనవాళ్లు "ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు" అంటారు. ఆ 'చేసుకోవడం'లోనే తనకోసం అనే అర్థం ఉంది. భక్తి, వ్రతం, పాపం అనే వాతావరణం ఉన్న వాక్యంలో అది అద్దినట్టు కుదురుతుంది. స్నేహితురాలి పెళ్లికి వెళ్లలేకపోయినందుకు ఆమెకు నెల రోజులు పనిలో సాయపడిన అమ్మాయి గురించి "ప్రాయశ్చిత్తం చేసుకుంది" అంటే మాత్రం వినేవాడికి పూజారి గుర్తొస్తాడు.

రిగ్రెట్, రిమోర్స్, రిపెంటెన్స్, పెనన్స్... ఇవన్నీ ఒకటే కదా?

ఒకటి కావు. ఒకే సంఘటనలో పెట్టి చూపిస్తాను. ఒకడు తన స్నేహితుడి రహస్యాన్ని నలుగురిలో బయటపెట్టాడు. ఇంటికి వచ్చాక "అలా అనకుండా ఉండాల్సింది" అనుకున్నాడు. అది రిగ్రెట్. వాన పడిందని విచారించడానికి కూడా ఈ మాట వాడొచ్చు, తప్పు ఉండాలనేం లేదు. రాత్రి స్నేహితుడి ముఖం గుర్తొచ్చి నిద్రపట్టలేదు, తన మీద తనకే అసహ్యం వేసింది. అది రిమోర్స్. ఇక జన్మలో ఇలా చేయకూడదని గట్టిగా నిశ్చయించుకుని మనసు మళ్లించుకున్నాడు. అది రిపెంటెన్స్. తెలుగు 'పశ్చాత్తాపం' అంటే తర్వాత కలిగే తపన. కాబట్టి అది నిజానికి రిమోర్స్‌కే ఎక్కువ దగ్గర. రిపెంటెన్స్‌లో ఉన్న మళ్లడం అనే భావం అందులో పూర్తిగా రాదు.

తనకు తానే శిక్ష వేసుకుని వారం రోజులు ఎవరితోనూ మాట్లాడకపోతే పెనన్స్. స్నేహితుడి దగ్గరికి వెళ్లి తప్పయిందంటే అపాలజీ. రహస్యం విన్న ఆ నలుగురి దగ్గరికే మళ్లీ వెళ్లి, తను మాట తప్పానని ఒప్పుకుని, ఇక దాన్ని ఎక్కడా ఎత్తొద్దని బతిమాలితే, స్నేహితుడి పరువు నిలబెట్టడానికి తన పరువు పణంగా పెడితే, అది అటోన్‌మెంట్. వారం రోజుల మౌనంతో స్నేహితుడికి ఒరిగిందేమీ లేదు. ఈ పనితో ఒరిగింది.

తర్వాత ఆ స్నేహితుడు మనస్ఫూర్తిగా "పోనీలే" అంటే ఫర్‌గివ్‌నెస్. ఇద్దరూ మళ్లీ మునుపటిలా కలిసి కూర్చోగలిగితే రికన్సిలియేషన్. ఈ చివరి రెండూ తప్పు చేసినవాడి ఒక్కడి చేతిలో లేవు.

క్షమాపణ చెబితే చాలదా?

చిన్న తప్పుకు చాలు. కాలు తొక్కినవాడు సారీ అంటే అయిపోయింది. జరిగిన నష్టం ఇంకా అక్కడే ఉన్నప్పుడు మాట చాలదు. మనవాళ్లు లెంపలేసుకోవడం అని ఒక మంచి మాట వాడతారు. అది తప్పు ఒప్పుకున్నట్టే గానీ తప్పు దిద్దినట్టు కాదు. ఇంగ్లిష్‌లో అపాలజీ తర్వాత అటోన్‌మెంట్ ఉందా అని అడిగితే, "సరే, ఒప్పుకున్నావు, ఇప్పుడేం చేస్తావు?" అని అడిగినట్టు.

డబ్బు చెల్లిస్తే అటోన్‌మెంట్ అవుతుందా?

కాంపెన్సేషన్ అవుతుంది, అంటే నష్టపరిహారం. అటోన్‌మెంట్‌లో అదొక భాగం కావచ్చు. బీమా సంస్థ కూడా నష్టం చెల్లిస్తుంది, కానీ అది ఏ తప్పూ చేయలేదు. తప్పు ఒప్పుకుని ఇచ్చిన డబ్బుకూ, నోరు మూయించడానికి ఇచ్చిన డబ్బుకూ మధ్య ఉన్న తేడాయే ఈ రెండు మాటల మధ్య తేడా.

ఇందుకు నేను చెప్పే ఉదాహరణ అమెరికాది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న తన పౌరులనే ఆ ప్రభుత్వం నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. 1988లో చట్టం చేసి, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చింది. ఆ చట్టమే జరిగింది అన్యాయమని ఒప్పుకుని దేశం తరఫున క్షమాపణ చెప్పింది. ఆ ఒప్పుకోలు లేకుండా చెక్కు ఒక్కటే పంపి ఉంటే దాన్ని అటోన్‌మెంట్ అనడానికి నోరు రాదు.

వాక్యంలో ఎలా వాడాలి? ఏ విభక్తి, అదే, ఏ ప్రిపోజిషన్?

'ఫర్'. తప్పుకు ముందు తప్పకుండా అది రావాలి. "హి అటోన్డ్ హిజ్ మిస్టేక్" అని మన విద్యార్థులు రాస్తుంటారు. తెలుగులో "తప్పును దిద్దుకున్నాడు" అనే కర్మ అలవాటు అక్కడికి పాకుతుంది. "హి అటోన్డ్ ఫర్ హిజ్ మిస్టేక్" అనాలి. నామవాచకం అయితే 'మేక్ అటోన్‌మెంట్ ఫర్'. మనం ప్రాయశ్చిత్తం 'చేసుకుంటాం' కాబట్టి 'డూ' పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. "ఇన్ అటోన్‌మెంట్ ఫర్ హర్ సైలెన్స్" అంటే తన మౌనానికి బదులుగా అని. మామూలు వాడుకలో దీనికి బహువచనం అక్కర్లేదు.

ఒక చిక్కు ఉంది. 'ఫర్' తర్వాత మనిషిని పెడితే అర్థం తిరగబడొచ్చు. "హి అటోన్డ్ ఫర్ హిజ్ ఫాదర్" అంటే తండ్రి చేసిన తప్పుకు కొడుకు బదులు చెల్లించాడన్నట్టు వినిపిస్తుంది. తండ్రికి తను చేసిన ద్రోహానికి అని చెప్పాలంటే "ఫర్ వాట్ హి డిడ్ టు హిజ్ ఫాదర్" అని విడమరిచి రాయాలి.

మతంతో సంబంధం లేని చోట వాడితే ఎబ్బెట్టుగా ఉండదా?

ఉండదు. ఆటల వార్తల్లో రోజూ కనిపిస్తుంది. మొదటి సగంలో పెనాల్టీ వృథా చేసిన ఆటగాడు ఆఖరి నిమిషంలో గోల్ కొడితే 'అటోన్డ్' అని రాస్తారు. తెలుగులో అప్పుడు "బాకీ తీర్చేశాడు" అంటే సరిగ్గా సరిపోతుంది. మరీ చిల్లర విషయాలకు మాత్రం ఆ మాట బరువెక్కువ. కాఫీ ఒలకబోసి తుడిచినందుకు అటోన్‌మెంట్ అనరు.

ఒకరి తప్పుకు ఇంకొకరు అటోన్ చేయవచ్చా?

క్రైస్తవంలో ఈ ప్రశ్నే కేంద్రం. మనుషుల పాపాలకు క్రీస్తు తన ప్రాణమిచ్చి దేవుడితో వారిని కలిపాడనే విశ్వాసాన్ని ఇంగ్లిష్‌లో పెద్దక్షరంతో 'ది అటోన్‌మెంట్' అని రాస్తారు. ఆ మరణం ఎలా పనిచేసిందన్న దాని మీద శతాబ్దాలుగా వేర్వేరు వివరణలున్నాయి. తొలినాటి వారిలో చాలామందికి అది బందీలను విడిపించడానికి ఇచ్చిన మూల్యం. తెలుగు బైబిల్లోని 'విమోచన క్రయధనము' ఆ భావమే. 11వ శతాబ్దం చివర కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్, దేవుడి గౌరవానికి కలిగిన లోటును పూడ్చడంగా చెప్పాడు. తర్వాతి తరంలో ఫ్రెంచ్ తత్వవేత్త అబెలార్డ్, ఆ ప్రేమను చూసి మనిషి హృదయం కరగడమే ముఖ్యమన్నాడు. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్తలు, మనకు పడాల్సిన శిక్షను ఆయన భరించాడన్నారు. 1930లో స్వీడన్ పండితుడు గుస్తాఫ్ ఔలెన్, చెడు శక్తుల మీద క్రీస్తు సాధించిన విజయమనే పాత భావనను మళ్లీ ముందుకు తెచ్చాడు. ఏ వివరణ తీసుకున్నా చివరికి చేరేది 'ఎట్ వన్' దగ్గరికే.

మతం బయట దీనికి నేను చూపించేది ఒక ఫొటో. 1970 డిసెంబర్ 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సాలో, నాజీల చేతిలో బలైన యూదుల స్మారకం ముందు పూలగుచ్ఛం ఉంచి, తడి నేల మీద మోకాళ్లపై కూర్చుండిపోయాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నాజీ కాదు సరికదా, వాళ్లను ఎదిరించి దేశం వదిలి నార్వే వెళ్లిపోయినవాడు. తను చేయని నేరానికి, తన దేశం పేరున మోకరిల్లాడు. ఆ దృశ్యానికి ఏ మాట పెట్టాలా అని వెతికితే నాకు అటోన్‌మెంట్ తప్ప ఇంకోటి దొరకదు.

అవతలివాళ్లు క్షమించకపోతే?

12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దీనికి చాలా ఆచరణీయమైన జవాబు రాశాడు. నొప్పించినవాడు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్లి క్షమించమని అడగాలి. ఒప్పుకోకపోతే రెండోసారి, మూడోసారి వెళ్లాలి. అప్పటికీ కాదంటే వదిలేయవచ్చు, ఇక ఆ భారం క్షమించని వాడిది. మాట వాడుక వరకు చెప్పాలంటే, క్షమ దొరకకపోయినా 'అటోన్ ఫర్' అనడం తప్పు కాదు. చేయాల్సింది చేశాడని దాని అర్థం.

ఆ మనిషి చనిపోతే?

దీనికీ ఆయనే జవాబు చెప్పాడు. పదిమందిని తీసుకుని సమాధి దగ్గరికి వెళ్లి, ఫలానా తప్పు చేశానని పేరు పెట్టి చెప్పాలి. డబ్బు బాకీ ఉంటే వారసులకు ఇవ్వాలి. పదిమంది ఎందుకో ఆలోచించండి. వినాల్సిన మనిషి లేడు కాబట్టి వినేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి.

ఎక్స్‌పియేషన్, ప్రొపిషియేషన్ అని కూడా కనిపిస్తాయి. తేడా?

మొదటిది తప్పు మీద పనిచేస్తుంది, దాన్ని తుడిచేస్తుంది. పాపపరిహారం. రెండోది మనిషి మీద లేదా దేవుడి మీద పనిచేస్తుంది, కోపం చల్లార్చి ప్రసన్నం చేసుకుంటుంది. యోహాను మొదటి పత్రిక 2వ అధ్యాయం 2వ వచనంలో ఉన్న ఒకే గ్రీకు మాటను కింగ్ జేమ్స్ బైబిల్ 'ప్రొపిషియేషన్' అంది, 20వ శతాబ్దపు రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ 'ఎక్స్‌పియేషన్' అంది, న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ 'అటోనింగ్ సాక్రిఫైస్' అంది. తెలుగులో 'శాంతికరము'.

ఎటైన్‌మెంట్, ఎట్యూన్‌మెంట్ వేరే మాటలా?

పూర్తిగా వేరు. ఎటైన్‌మెంట్ అంటే సాధించడం, ఎట్యూన్‌మెంట్ అంటే శ్రుతి కలవడం. కంప్యూటర్ స్పెల్లింగ్ సరిచేసేటప్పుడు ఒకదాని బదులు ఇంకోటి పెట్టేస్తుంది, చూసుకోండి. అటోన్‌మెంట్‌లో ఏ, టి తర్వాత వన్ అనే అంకె స్పెల్లింగ్ ఓ, ఎన్, ఈ ఉందో లేదో చూస్తే చాలు.

అనువాదంలో ఏ తెలుగు మాట ఎంచుకోవాలో ఎలా తేల్చుకుంటారు?

వాక్యంలో "ఎవరికి?" అని అడుగుతాను. దేవుడికైతే ప్రాయశ్చిత్తం, పాపపరిహారం. సంస్థలు, ప్రభుత్వాలైతే పరిహారం, తప్పు దిద్దుకోవడం. ఇద్దరు మనుషుల మధ్యైతే తప్పు కడుక్కోవడం, రుణం తీర్చుకోవడం, మళ్లీ ఒకటవడం. ఒక్కోసారి నామవాచకాన్నే వదిలేసి వాక్యం తిరగరాస్తాను.

ఒకసారి ఒక కథ అనువదిస్తున్నాను. తండ్రి పోయాక ఇల్లు మొత్తం తన పేరున రాయించుకున్న అన్న, ఏళ్లు గడిచాక ప్రతి ఆదివారం చెల్లెలి ఇంటికి వెళ్లి కారుతున్న కప్పు బాగుచేస్తుంటాడు. ఆమె మాట్లాడదు. అతనూ మాట్లాడడు. నిచ్చెన దిగి, చేతులు కడుక్కుని వెళ్లిపోతాడు. అక్కడ రచయిత 'ఇట్ వాజ్ హిజ్ అటోన్‌మెంట్' అని నాలుగు మాటల్లో ముగించాడు. మొదట "అది అతని ప్రాయశ్చిత్తం" అని రాశాను. నిచ్చెన మీద ఉన్న మనిషి ఉన్నట్టుండి వ్రతం పట్టినట్టు అనిపించింది. "అలా పశ్చాత్తాపపడుతున్నాడు" అని మార్చాను. చేతిలో సుత్తి ఉన్నవాణ్ని మూల కూర్చోబెట్టి ఏడిపించినట్టయింది. రెండు రోజులు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. చివరికి "అలా తన తప్పు కడుక్కుంటున్నాడు" అని రాసి, అచ్చుకు పంపే ముందు 'తన తప్పు' తీసేసి 'తన బాకీ తీర్చుకుంటున్నాడు' అని పెట్టాను. ఇల్లు అతను ఆమెకు నిజంగానే బాకీ ఉన్నాడు కాబట్టి.